సున్నా

కురుపాం మార్కెట్ వెనక సందులో, లాలం వారి ప్రెస్సులో
ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను.
కథ చదవకూడదు, అక్షరం చూడాలి
అన్నారు పనిలో పెట్టిన రోజున.
అక్షరాలు చూస్తూ చూస్తూ
ఒక మాట దగ్గర ఆగిపోవడం అలవాటైంది.

పాపం, పైడయ్యకి ఆ రాత్రీ పస్తే.
ఆమెకేం తెలుసు, పాపం!
ముప్పై ఒకటో పేజీలో రిక్షావాడు తడుస్తున్నాడు, పాపం.
నలభైలో దగ్గుతున్నాడు.
అరవై రెండులో వాడి ఊసు లేదు.

తప్పు కాదది. దిద్దడానికేం లేదు.
అయినా పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి వదిలేస్తాను.
లావుపాటి నవల ఒకదానిలో
నూట పద్నాలుగు చుట్టాను.

ఆ మాట ఎప్పుడూ తడవదు.
వరండాలోంచి వస్తుంది, కిటికీలోంచి,
బస్సులో సీటు దొరికినవాడి నోట్లోంచి.
వెనకే ఒక కామా.
కామా దగ్గర అందరం ఊపిరి పీల్చుకుంటాం,
కథ కదులుతుంది.
వాడు మాత్రం కామాకి ఇవతలే.

అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందట.
రచయితలకెవరికీ చుట్టుకున్నట్టు లేదు.
రెండో ముద్రణకి మిఠాయి పట్టుకొస్తారు.

ఓసారి కంపోజింగులో సున్నా రాలిపోయింది.
"పాప ఎర్రమ్మ వీధిన పడింది."
అరవై ఏళ్ళ మనిషి
సున్నా పోగానే పసిపిల్లయిపోయింది.
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.
ఎవరైనా ఎత్తుకుంటారేమో అనిపించింది.
తర్వాత సున్నా పెట్టేశాను.
జీతం దానికే కదా.

పాత ప్రూఫులు కిలో లెక్కన తీసుకుపోయేది
సూరాడ తాతమ్మ.
హార్బరు గేటు దగ్గర ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది,
మా నవలలన్నీ చివరికి అక్కడే పొట్లాలవుతాయి.
హుద్‌హుద్ ఏడు వాళ్ళ బోటు
జెట్టీలో కట్టిన చోటే ముక్కలైంది.
పేపరువాళ్ళు ఆవిడని చెక్కల మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు.
కింద ఏం రాశారో ఆవిడ అడగలేదు.
నేను చదివాను.
మొదటి మాట అదే.

నిన్న కాగితాలు తూకం వేస్తుంటే
ఒక షీటు ఎత్తి పట్టుకుంది.
"ఏటి బావూ, ఈ ఒక్కదానికే ఇన్ని సున్నాలు సుట్టీసినావు?"
పాపం అని ఉందమ్మా, అన్నాను.
"పాపమా! ఎవుడు సేసినాడు?"

నోరు తెరిచాను.
ఆ పేజీ తిరగేశాను, వెనక పేజీ కూడా.
వాన ఉంది. విధి రెండుసార్లు ఉంది.
తలరాత ఉంది, చలిగాలి ఉంది.
చేసినవాడు లేడు.

ఎవరూ చెయ్యలేదమ్మా,
జాలేసినప్పుడు అలా అంటారు.

"ఓలమ్మ.
సేసినోడు దొరక్కపోతే
పడ్డోడి పేరు పక్కనెట్టీసినారేటి?"

నవ్వలేదు. కోపం కూడా లేదు.
ఐదు రూపాయలు తక్కువిస్తానని బేరం మొదలుపెట్టింది.
నేను ఒప్పుకున్నాను.
మూట నెత్తికెత్తుకుని, గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కొచ్చి
నా బల్ల మీద గుప్పెడు నెత్తళ్ళ పొట్లం పెట్టింది.
"ఆ గుడ్డి లైటు కింద కూకుని
కళ్ళు పోగొట్టుకుంతన్నావు, పాపం."

కామా వినపడలేదు నాకు.
మాట అయ్యాక కూడా ఆవిడ అక్కడే నిలబడింది,
నేను లైటు ఇటు జరుపుకునేదాకా.

రాత్రి కోటవీధిలో, గదిలో
పొట్లం విప్పాను.
నూట పన్నెండో పేజీ, నా పెన్సిలు గీత.
అక్షరం చివర
చేప పొలుసొకటి అంటుకుని మెరుస్తోంది.
కింద సున్నా ఉందో, రాలిపోయిందో.
గోటితో గీకాను.
ఊడి రాలేదు.